కాలిన కంటికి కొత్త పొర: చర్మం నేర్పిన వైద్యం

రాయ్‌పూర్ నగరంలో బలోదా బజార్ వెళ్ళే దారిలో మోవా అనే పేట ఉంది. విజయనగరం నుంచి నేరుగా రైలుమార్గం ఉన్న ఊరు కావడంతో రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మోవాలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తాతగారు అరచేతిలో పొగాకు వేసుకుని, సున్నం కలిపి నలుపుకుంటారు. ఆ సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లంలో వస్తుంది. ఆరేళ్ళ మనవడికి ఆ పొట్లం దొరికింది. ఆటగా రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. పొట్లం పగిలి, సున్నం కుడికంట్లో చిమ్మింది.

ఈ ఇల్లు ఊహే కానీ, ప్రమాదం ఊహ కాదు. పొగాకులో కలిపే సున్నం పొట్లాలు పగిలి మన దేశంలో పిల్లల కళ్ళు కాలిపోవడాన్ని కంటి వైద్యులు ఎన్నోసార్లు వైద్య పత్రికల్లో నమోదు చేశారు.

కొన్ని నెలలు గడిచాయి. పిల్లవాడి కన్ను ఎర్రగానే ఉంది. నల్లగుడ్డు మీద మసకగా ఒక పొర పెరిగింది. పక్కింటాయన ఓదార్చాడు: "ఇప్పుడు చర్మంలోంచి స్టెమ్ సెల్స్ తీసి ఎక్కిస్తున్నారటండీ. ఏ జబ్బయినా నయమవుతుందట!" తాతగారు వెంటనే అన్నారు: "అయితే నా తొడ చర్మం తీసుకోమనండి. వాడికి చూపొస్తే చాలు."

తాతగారి చర్మం మనవడి కంటికి పనికొస్తుందా? చర్మంలో నిజంగా అంత శక్తి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు మన చర్మాన్ని కాస్త పరిశీలనగా చూడాలి.

మనం రోజూ కొత్త చర్మం తొడుక్కుంటున్నాం!

మోకాలు గీసుకుపోతే కొన్ని రోజుల్లో మానిపోతుంది. మానడం అంటే ఏమిటి? పోయిన కణాల స్థానంలో కొత్త కణాలు రావడమే. నిజానికి గాయమే అవసరం లేదు. చర్మం పైపొర అయిన బాహ్యచర్మంలోని కణాలు నిత్యం మృతకణాలుగా మారి రాలిపోతుంటాయి. సుమారు నెల, నెలన్నర రోజుల్లో ఈ పొర మొత్తం కొత్తదవుతుంది.

రాలిపోతున్నా తరగని ఈ నిధి ఎక్కడుంది? బాహ్యచర్మం అట్టడుగు వరుసలోనూ, వెంట్రుకల కుదుళ్ళలోనూ కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. వీటిలో ఒకటి విభజన చెందినప్పుడు ఏర్పడే కణాల్లో కొన్ని తల్లికణంలాగే మూలకణాలుగా మిగులుతాయి. మిగతావి పైకి జరుగుతూ, చదునుగా మారి, గట్టిపడి, చివరికి రాలిపోతాయి. విత్తనపు ధాన్యం పక్కన పెట్టుకుని మిగతాది తినే రైతు పద్ధతి లాంటిదే ఇది. తమను తాము నిలుపుకుంటూ ఇతర కణాలను తయారుచేసే ఇలాంటి కణాలనే మూలకణాలు లేదా స్టెమ్ సెల్స్ అంటారు.

ఇక్కడొక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోవాలి. చర్మంలోని మూలకణం చర్మాన్నే తయారుచేస్తుంది. ఎముక మూలుగలోని రక్త మూలకణం రక్తకణాలనే తయారుచేస్తుంది. దేని పని దానిదే. ఒక మూలకణాన్ని ఎక్కడ పెడితే అక్కడి అవయవంగా అదే మారిపోతుందనుకోవడం పొరపాటు.

గాజుపాత్రలో పెరిగిన చర్మం

శరీరంలో పెరిగే ఈ కణాలను బయట పెంచగలమా? 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ పెంచి చూపించారు. చర్మకణాలు ఒంటరిగా ఉంటే సరిగా పెరగవు. అందుకని ఆ శాస్త్రవేత్తలు పాత్ర అడుగున ఎలుక తంతుకణాల పొరను పరిచారు. ఆ ఎలుక కణాలు బతికి ఉంటాయి కానీ, మళ్ళీ విభజన చెందకుండా వాటిపై ముందే వికిరణం ప్రసరింపజేశారు. ఈ దాది కణాల సాయంతో మనిషి చర్మకణాలు గుంపులు గుంపులుగా పెరిగి, చివరికి ఒకదానితో ఒకటి కలిసి పలుచటి పొరగా తయారయ్యాయి.

ఈ విద్యకు అసలు పరీక్ష 1983లో ఎదురయింది. అమెరికాలో ఐదు, ఆరేళ్ళ వయసున్న ఇద్దరు అన్నదమ్ములకు ఒళ్ళు 95 శాతానికి పైగా కాలిపోయింది. మామూలుగా కాలిన చోట అతకడానికి రోగి ఒంటిమీదే మరో చోటి నుంచి చర్మం తీస్తారు. వాళ్ళ ఒంటిమీద తీయడానికి చర్మం మిగిలితే కదా! కాలకుండా మిగిలిన కాస్త చోటు నుంచి చిన్న ముక్కలు తీసి, గాజుపాత్రల్లో పెంచి, ఆ పొరలతో ఒంటిలో దాదాపు సగభాగాన్ని కప్పారు. ఇద్దరూ బతికారు. అయితే అలా పెంచిన చర్మానికి వెంట్రుకలు లేవు, స్వేదగ్రంథులు లేవు. అది ప్రాణాన్ని కాపాడిన కవచమే కానీ, పుట్టుకతో వచ్చిన చర్మంతో అన్ని విధాలా సమానం కాదు.

ఇదే దారిలో మరో అడుగు 2015లో పడింది. జర్మనీలో ఏడేళ్ళ బాలుడికి జన్యులోపం వల్ల చర్మం తాకితేనే పొక్కులెక్కి ఊడిపోయే వ్యాధి ఉంది. ఒంటిమీద చాలా భాగం పుండ్లే. ఇటలీ శాస్త్రవేత్త మిచెలె డి లూకా బృందం, జర్మనీ వైద్యులు కలిసి ఆ పిల్లవాడి చర్మం నుంచి 4 చదరపు సెంటీమీటర్ల ముక్క తీసుకున్నారు. ఆ కణాల్లోకి సరైన జన్యువును ప్రవేశపెట్టి, పెంచి, ఒంటిలో దాదాపు 80 శాతాన్ని కొత్త చర్మంతో కప్పారు. ఈ వివరాలు 2017లో ప్రచురితమయ్యాయి. కొత్త చర్మం నిలిచింది. దాన్ని నిలిపినవి, అతికించిన కోట్ల కణాల్లో కొద్ది శాతంగా ఉన్న మూలకణాలేనని ఆ పరిశోధన తేల్చింది.

కన్ను చర్మానికి చుట్టమే

మరి కంటి సంగతేమిటి? నల్లగుడ్డు ముందు గడియారపు అద్దంలా పారదర్శకంగా ఉండే భాగాన్ని శుక్లపటలం లేదా కార్నియా అంటారు. దాని పైపొర, మన బాహ్యచర్మం రెండూ పిండదశలో ఒకే పొర నుంచి పుడతాయి. కాబట్టి అవి రెండూ దగ్గరి చుట్టాలు. చర్మంలాగే శుక్లపటలం పైపొర కూడా నిత్యం అరుగుతూ కొత్తదవుతుంది. కానీ ఒక తేడా ఉంది. దాని మూలకణాలు నల్లగుడ్డు మధ్యలో ఉండవు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున, ఒక సన్నటి వలయంలో దాక్కుని ఉంటాయి. ఆ వలయం పేరు లింబస్. 1986లో టుంగ్ టియన్ సున్ బృందం ఈ ఆచూకీని పట్టుకుంది. సున్ కూడా హోవర్డ్ గ్రీన్ దగ్గర పనిచేసిన వాడే.

ఈ వలయం ఇంకో పని కూడా చేస్తుంది. తెల్లగుడ్డు మీది పొర, దాని రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకకుండా పొలం గట్టులా అడ్డుపడుతుంది.

ఇప్పుడు సున్నం ఏం చేసిందో చూడండి. తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. బలమైన క్షారం. దాని పీహెచ్ విలువ 12 దాటుతుంది. క్షారాలు కొవ్వును సబ్బుగా మారుస్తాయని రసాయనశాస్త్రంలో చదువుకున్నాం. కణపు పొరల్లో ఉండేది కొవ్వే కదా! అందుకే క్షారం కణాలను ఛేదించుకుంటూ లోపలికి చొచ్చుకుపోతుంది. కంటి అంచున ఉన్న మూలకణాలు కాలిపోతే గట్టు తెగినట్లే. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. పారదర్శకత పోతుంది, చూపు పోతుంది.

చనిపోయిన వారి కన్ను తెచ్చి శుక్లపటలం మారిస్తే సరిపోదా? సరిపోదు. మధ్యలోని అద్దం మార్చినా, దాని పైపొరను రోజూ కొత్తగా అందించే మూలకణాలు లేకపోతే ఆ అద్దం మళ్ళీ మసకబారుతుంది. ముందు గట్టును తిరిగి కట్టాలి.

1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మిచెలె డి లూకా బృందం ఈ పని చేసి చూపింది. ఒక కన్ను కాలిపోయిన ఇద్దరు రోగులకు, బాగున్న రెండో కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి, చర్మం పెంచే గ్రీన్ పద్ధతిలోనే పెంచి, కాలిన కంటిమీద అతికించారు. ఎన్నో ఏళ్ళ పరీక్షల తర్వాత 2015లో ఐరోపా సమాజం ఈ చికిత్సకు షరతులతో అనుమతినిచ్చింది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

ఈ చికిత్స మన దగ్గరికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను 1987లో డాక్టర్ గుళ్ళపల్లి ఎన్. రావు ప్రారంభించారు. అక్కడ పరిశోధన విభాగానికి ప్రొఫెసర్ డి. బాలసుబ్రమణియన్ నాయకత్వం వహించారు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి, వారి సహచరులు కలిసి 2001 నుంచి రోగులకు ఈ చికిత్స చేయడం మొదలుపెట్టారు.

వారు పద్ధతిని మన పరిస్థితులకు తగినట్లు మార్చుకున్నారు. ఎలుక దాది కణాలు వద్దన్నారు. ప్రసవమయ్యాక మావితో పాటు బయటికి వచ్చే పలుచటి పొర ఒకటుంది. దాని పేరు ఉల్బం. శుభ్రపరచి నిల్వ చేసిన ఈ పొరనే పొలంగా వాడారు. రోగి బాగున్న కంటి నుంచి కొద్ది మిల్లీమీటర్ల లింబస్ ముక్క తీసి, ఉల్బం మీద నాటి, రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరంతో పోషించారు. రెండు వారాల్లో కణాలు పొరగా అల్లుకునేవి. ఆ పొరను కాలిన కంటిమీద పరిచేవారు.

పదేళ్ళ అనుభవాన్ని ఆ బృందం 2011లో ప్రకటించింది. 200 మంది రోగుల్లో 71 శాతం మందికి కంటి ఉపరితలం నిలకడగా బాగుపడింది. సుమారు 60 శాతం మందికి చూపు చెప్పుకోదగినంత మెరుగయింది. మిగతా వారికి ఎందుకు మెరుగవలేదు? కాలిన గాయం కంటి లోతుల్లోకి కూడా వెళ్ళి ఉండవచ్చు. పైపొర ఎంత బాగుపడినా లోపలి దెబ్బను అది సరిచేయలేదు.

అయితే కణాలను బయట పెంచాలంటే అతి శుభ్రమైన ప్రయోగశాల, నిపుణులు, ఖర్చు కావాలి. అవన్నీ అన్ని ఊళ్ళలో ఉండవు. ఇక్కడే ఆ సంస్థ వైద్యులకు ఒక సులువైన ఆలోచన వచ్చింది. కణాలను గాజుపాత్రలో ఎందుకు పెంచాలి? కంటిమీదే పెంచితే పోలేదా? 2012లో వారు ప్రచురించిన పద్ధతి ఇది. బాగున్న కంటి నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు గల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది చిన్న తునకలుగా కోస్తారు. కాలిన కంటిమీది పొరను తొలగించి, ఉల్బం పరిచి, దానిమీద వరినారు నాటినట్లు ఈ తునకలను అక్కడక్కడ జిగురుతో అతికిస్తారు. రెండు వారాల్లో నారు అల్లుకుని పొర ఏర్పడుతుంది. ప్రయోగశాల అక్కర్లేదు, ఒకే ఆపరేషన్! ఈ పద్ధతికి స్లెట్ అని పేరు. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 125 మందిలో 76 శాతం మందికి అది విజయవంతమయింది. ఆ 125 మందిలో 60 మంది పిల్లలే. ఆ తర్వాత ఇతర దేశాల వైద్యులు కూడా ఈ పద్ధతిని అనుసరించారు.

చర్మకణాన్ని వెనక్కి నడిపించిన నాలుగు జన్యువులు

ఇంతవరకు చెప్పిన చికిత్సలన్నిటిలో ఒక కణం తన పనే తాను చేసింది. చర్మకణం చర్మమే అయింది, కంటి అంచు కణం కంటి పొరే అయింది. మరి రెండు కళ్ళూ కాలిపోతే? లేక కంటి లోపలి నేత్రపటలం పాడైతే? తీసుకోవడానికి బాగున్న కణమే ఉండదు. అప్పుడు చర్మకణాన్నే మరో రకం కణంగా మార్చగలమా?

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యు గ్రంథం ఉంటుంది. చర్మకణం అందులో కొన్ని పేజీలే చదువుతుంది, మిగతావి మూసి ఉంచుతుంది. మూసిన పేజీలను తెరవవచ్చునని 1962లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ గర్డన్ కప్పల మీద చేసిన ప్రయోగాలు సూచించాయి. జపాన్‌లో షిన్యా యమనక 2006లో ఎలుక కణాలతోనూ, 2007లో మనిషి చర్మపు తంతుకణాలతోనూ ఈ పని చేసి చూపారు. కేవలం నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, చర్మకణాన్ని తొలినాటి పిండకణంలాంటి స్థితికి వెనక్కి నడిపించారు. అలాంటి కణం నుంచి గుండె కణం, నాడీకణం, కంటి కణం దేన్నయినా తయారుచేసే వీలుంది. గర్డన్, యమనక 2012లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

2014 సెప్టెంబరులో జపాన్‌లోని కోబె నగరంలో మసాయో తకహాషి బృందం దీన్ని మొదటిసారి మనిషికి వాడింది. నేత్రపటలం వెనుక పొర పాడైన ఒక వృద్ధురాలి చర్మం నుంచి కణాలు తీసి, వెనక్కి నడిపించి, మళ్ళీ కంటి పొర కణాలుగా పెంచి, 3 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న పొరను ఆమె కంట్లో అమర్చారు. ఏడాది తర్వాత కూడా ఆ పొర చెక్కుచెదరలేదు. గడ్డలేవీ రాలేదు. చూపు మెరుగవలేదు కానీ, దిగజారనూ లేదు. రెండో రోగి కోసం తయారుచేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించడంతో ఆ ఆపరేషన్‌ను శాస్త్రవేత్తలే ఆపేశారు.

ఆ ఆపడమే మనం నేర్చుకోవలసిన పాఠం. ఎంతకైనా పెరిగే శక్తి ఉన్న కణం అదుపు తప్పితే కంతిగా మారవచ్చు. అందుకే చర్మం నుంచి ఇతర అవయవాల కణాలను తయారుచేసే విద్య ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. జపాన్‌లోనే ఒసాకాలో కోజి నిషిడా బృందం, వెనక్కి నడిపించిన కణాలతో శుక్లపటలం పైపొరను తయారుచేసి నలుగురు రోగులకు అతికించింది. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఆశ కలిగించేవే కానీ, నలుగురి అనుభవంతో అందరికీ వైద్యం మొదలుపెట్టలేం.

ఆశను అమ్ముకునే వారున్నారు

పక్కింటాయన అన్న "ఏ జబ్బయినా నయమవుతుంది" అనే మాట ఎంత ప్రమాదకరమో ఒక సంఘటన చెబుతుంది. 2015లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో చూపు మందగించిన ముగ్గురు స్త్రీలు ఒక క్లినిక్‌కు వెళ్ళారు. ఒక్కొక్కరు 5,000 డాలర్లు చెల్లించారు. వారి పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను మూలకణాల చికిత్స పేరుతో ఒకేరోజు రెండు కళ్ళలోకీ ఎక్కించారు. ఉన్న చూపు కూడా దాదాపు పోయింది. కోబెలో ఒక కంటికే, ఏళ్ళ తరబడి పరీక్షించిన కణాలనే, సరైన చోట అమర్చారు. ఫ్లోరిడాలో కణం ఏదో, ఎక్కడ నిలుస్తుందో, ఏమవుతుందో తెలియకుండానే ఎక్కించారు. రెండింటి పేరూ మూలకణ చికిత్సే!

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల్లో ఈ విషయం స్పష్టం చేసింది. రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మూలకణాల వాడకం నమోదైన ప్రయోగాల్లో భాగంగానే జరగాలి. ప్రయోగంలో పాల్గొనే రోగి దగ్గర దానికోసం డబ్బు వసూలు చేయకూడదు. కాబట్టి ఎవరైనా మూలకణ చికిత్స అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఏ కణాన్ని, ఎక్కడి నుంచి తీస్తారు? అది నా దెబ్బతిన్న భాగంలో ఏ పని చేస్తుందని, ఎంతమందిలో రుజువయింది? ఇది ఆమోదించిన చికిత్సా, లేక నమోదైన ప్రయోగమా? సూటిగా జవాబు రాకపోతే ఆ గడప దిగి వచ్చేయడమే మంచిది.

తాతగారికి జవాబు

ఇక మోవాలోని మన ఊహా కుటుంబానికి తిరిగి వద్దాం. తాతగారి తొడ చర్మం మనవడి కంటికి పనికిరాదు. మొదటి కారణం, అది చర్మాన్నే తయారుచేస్తుంది, పారదర్శకమైన పొరను కాదు. రెండో కారణం, ఎంత ప్రేమతో ఇచ్చినా మనవడి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి తిరస్కరిస్తుంది. కానీ విచారించనక్కర్లేదు. కావలసిన నారు ఆ పిల్లవాడి దగ్గరే ఉంది. అతని ఎడమ కన్ను బాగుంది. దాని అంచున రెండు మిల్లీమీటర్ల ముక్క చాలు. కంటి లోపల దెబ్బ ఎంతో పరీక్షించి, ఆపరేషన్ అవసరమో కాదో, ఎప్పుడు చేయాలో నిర్ణయించవలసింది శుక్లపటల నిపుణులు. అన్ని కళ్ళూ బాగుపడవు కూడా. అయినా నలుగురిలో ముగ్గురికి మేలు చేసిన చికిత్స ఒకటి మన హైదరాబాద్‌లోనే రూపుదిద్దుకుందన్నది చిన్న విషయం కాదు.

ఇంకా మంచి వైద్యం ఒకటుంది. దానికి నిపుణులూ అక్కర్లేదు, ఆపరేషనూ అక్కర్లేదు. సున్నం కంట్లో పడిన క్షణంలోనే, ఎవరినీ సలహా అడగకుండా, రెప్పలు విప్పి పట్టుకుని శుభ్రమైన నీళ్ళు ధారగా పోయాలి. కనీసం అరగంట ఆపకూడదు. రెప్పల కింద సున్నపు పలుకులు మిగలకుండా కడగాలి. నూనె, నెయ్యి, పాలు వేయకూడదు. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా దగ్గర్లోని కంటి వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రయోగశాలలు పాతికేళ్ళు శ్రమించి తిరిగి తెచ్చిన ఆ మూలకణాలను, రెండు బిందెల నీళ్ళు ముందే కాపాడగలవు.

అన్నిటికన్నా ముందు, సున్నం పొట్లాన్ని పిల్లలకు అందని చోట పెట్టమని మీ ఇంట్లో తాతగారికి ఈరోజే చెప్పండి!